టెక్నికల్ ప్రశ్న-జవాబుల సైట్‌కి పేరు పెట్టాలా? ముందు ఫోన్‌లో చెప్పి చూడండి

పదిమంది కలిసి, "టెలిగ్రామ్‌లో అడిగిందే మళ్లీ అడుగుతున్నారు, మంచి జవాబులన్నీ పైకి కొట్టుకుపోతున్నాయి, మనకంటూ ఒక ప్రశ్న-జవాబుల సైట్ ఉంటే బాగుండు" అనుకున్న రోజు భలే హుషారుగా ఉంటుంది. ఆ హుషారులో సర్వర్ ఖర్చు ఎవరు పెట్టుకుంటారు, స్పామ్ ఎవరు తీసేస్తారు అన్నవి పక్కకెళ్లిపోయి అందరూ పేరు మీద పడతారు. ఒకరు సంస్కృత నిఘంటువు తెరుస్తారు, ఇంకొకరు ప్రతి మాట చివరా 'హబ్' తగిలిస్తారు, ఇంకో ఇద్దరు ఏఐని అడిగి యాభై పేర్లు తెచ్చి గ్రూప్‌లో గుమ్మరిస్తారు. వారాలు గడుస్తాయి. సైట్ లేదు, పేరూ లేదు, ఇద్దరు మాత్రం అలిగి ఉంటారు.

నా లెక్కలో పేరు గొప్పగా ఉండక్కర్లేదు. నోటితో చెప్తే అవతలివాళ్లు తప్పు లేకుండా టైప్ చేయగలగాలి, వెతికితే మీరే ముందు కనబడాలి, ఇక్కడ ఏం అడగొచ్చో పేరు చూసి జనం పొరబడకూడదు. ఈ మూడూ కుదిరితే చాలు, కవిత్వం కూడా కుదిరితే మీ అదృష్టం. మూడోదాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు, తర్వాత ఏళ్ల తరబడి తలనొప్పి తెచ్చేది అదే, కాబట్టి దాంతోనే మొదలుపెడతా.

ఇక్కడ ఎవరు ఏం అడగాలి?

స్టాక్ ఓవర్‌ఫ్లో తెలియని ప్రోగ్రామర్ ఉండరు. జెఫ్ ఆట్‌వుడ్, జోయెల్ స్పోల్స్కీ కలిసి 2008లో మొదలుపెట్టారు, పేరు కోసం జెఫ్ తన పాఠకుల దగ్గర ఓటింగ్ పెట్టాడు. ఒక ఫంక్షన్ తనని తానే ఆగకుండా పిలుచుకుంటూ పోతే స్టాక్‌కి కేటాయించిన మెమరీ నిండిపోయి ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది కదా, ఆ ఎర్రర్ పేరే సైట్ పేరైంది. ఆ ఎర్రర్‌తో ఒక రాత్రి జాగారం చేసినవాడికి పేరు వినగానే "ఓహో, ఇది మనవాళ్లదే" అనిపిస్తుంది, కోడ్ రాయనివాళ్లకి ఏమీ అర్థం కాదు. అర్థం కాకపోవడమే అక్కడ లాభం, ఎందుకంటే ప్రింటర్ పనిచేయట్లేదని అడిగేవాళ్లు గుమ్మం దగ్గరే ఆగిపోతారు. అన్నట్టు ఆ పేరు ఎంత పెద్దదైపోయిందంటే, ఇప్పుడు ఆ ఎర్రర్ గురించే చదువుదామని ఉట్టి ఆ రెండు మాటలే కొట్టి వెతికితే ముందు సైటే వస్తుంది.

ఆ తర్వాత 2009లో సిస్టమ్ అడ్మిన్ల కోసం సర్వర్ ఫాల్ట్, మామూలు కంప్యూటర్ ప్రశ్నల కోసం సూపర్ యూజర్ వచ్చాయి. సర్వర్ ఫాల్ట్ పేరు దాని పని అది చేస్తుంది. సూపర్ యూజర్ నాకు అంత నచ్చదు, యూనిక్స్ తెలిసినవాడికి ఆ మాట అంటే రూట్ అకౌంట్ (సిస్టమ్ మీద అన్ని అధికారాలూ ఉండే అకౌంట్), తెలియనివాడికి "నేనంత సూపర్ కాదులే" అనిపించే మాట.

అసలు పాఠం ఉన్నది వాళ్ల ఇంకో సైట్‌లో. స్టాక్ ఓవర్‌ఫ్లో మీద కోడ్ లేని ప్రశ్నలు, అభిప్రాయాలు అడిగే ప్రశ్నలు మూసేస్తుంటే వాటికోసం విడిగా ఒక చోటు కావాలన్నారు. ఆ ప్రతిపాదన మొదటి పేరు 'నాట్ ప్రోగ్రామింగ్ రిలేటెడ్', అంటే అక్కడ ఏం ఉండదో చెప్పే పేరు. అది 2010లో 'ప్రోగ్రామర్స్' అనే పేరుతో తెరుచుకుంది. ఆ పేరు చూసినవాడు ఏమనుకుంటాడు? ప్రోగ్రామర్లకి సంబంధించింది ఏదైనా ఇక్కడ అడగొచ్చు అనుకుంటాడు, జీతం, ఉద్యోగం, మేనేజర్‌తో గొడవ, మంచి కీబోర్డు, ఏదైనా. నిర్వాహకులేమో సాఫ్ట్‌వేర్ డిజైన్, తయారీ పద్ధతుల గురించే ఉండాలని రూల్స్ బిగించుకుంటూ పోయారు. రూల్స్ పేజీ ఒకటి చెబుతుంది, పైన బోర్డు ఇంకోటి చెబుతుంది, కొత్తగా వచ్చినవాళ్లు బోర్డే చదువుతారు. ప్రశ్న వేయడం, అది మూతపడటం, వేసినవాడు తిట్టుకుంటూ వెళ్లిపోవడం, ఇదే తంతు. చివరికి పేరే మార్చి 'సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్' అని పెట్టుకోవాల్సి వచ్చింది.

మ్యాథ్ ఓవర్‌ఫ్లో విషయం కూడా దాదాపు ఇంతే. అది 2009లో పరిశోధన స్థాయి గణితం కోసం పుట్టింది, పేరులో ఆ పరిశోధన అన్న మాటే లేదు, దాంతో ఇంటిగ్రేషన్ లెక్క పట్టుకొచ్చిన ఇంజినీరింగ్ కుర్రాడికి "ఇది ఇక్కడ కాదు బాబూ" అని చెప్పి పంపించాల్సి వస్తుంది.

కాబట్టి పేర్లు ఆలోచించే ముందు చేయాల్సిన పని ఒకటుంది, ఇది దాటేయకండి. మీ గ్రూప్‌లో గత రెండు నెలల చాట్ పైకి స్క్రోల్ చేసి, నిజంగా ఎవరో ఒకరు అడిగిన ప్రశ్నలు ఒక ఇరవై ఏరి షీట్‌లో పెట్టండి. "జావాలో నల్ పాయింటర్ వస్తోంది", "ఫ్రెషర్‌కి ఏ కోర్సు మంచిది", "అమీర్‌పేటలో డెవాప్స్ ఎక్కడ బాగా చెబుతారు", "లాప్‌టాప్ ఏది కొనాలి", "క్యూబర్నెటీస్ పాడ్ పదే పదే రీస్టార్ట్ అవుతోంది", ఇలాంటివి ఉంటాయి. వీటిలో ఏవి మీ సైట్‌లో ఉండాలో, ఏవి ఉండకూడదో ముందు మీలో మీరు తేల్చుకోండి. అక్కడే సగం గొడవ బయటపడుతుంది, చాలాసార్లు పేరు మీద జరుగుతున్న కొట్లాట నిజానికి కోర్సుల ప్రశ్నలు ఉంచాలా వద్దా అన్న కొట్లాటే. అది తేలాక, పేర్లు అనుకున్నాక, మీ గ్రూప్‌తో సంబంధం లేని ఒకరికి పేరొక్కటే చెప్పి, ఆ ఇరవై ప్రశ్నలూ చూపించి, "ఈ పేరున్న చోట నువ్వు వీటిలో ఏవి అడుగుతావు?" అని అడగండి. వాళ్లు టిక్ పెట్టినవీ మీరు ఉంచాలనుకున్నవీ చాలావరకు ఒకటే అయితే ఆ పేరు బతికినట్టు. లాప్‌టాప్ ప్రశ్న మీద టిక్ పడిందంటే ఇంకో పేరు చూసుకోండి, లేదా లాప్‌టాప్ ప్రశ్నలకి జవాబులు చెప్పడానికి సిద్ధపడండి.

పేరు ఎవరిని భయపెడుతుందో కూడా చూడాలి. గురు, ఎక్స్‌పర్ట్, మాస్టర్, నింజా లాంటివి జవాబు చెప్పేవాళ్లకి కితకితలు పెడతాయి, అడిగేవాళ్ల నోరు మూయిస్తాయి. ప్రశ్నలు లేకపోతే జవాబులు ఎక్కణ్నించి వస్తాయి? మొదటి ఏడాది మీకు కావాల్సింది సిగ్గుపడకుండా అడిగేవాళ్లు.

ఫోన్ పరీక్ష

తెలుగు పేరు పెట్టుకుందాం అనుకుంటే, మంచిదే, నేనూ ఆ పార్టీయే. చైనాలో 2011లో మొదలైన జీహూ అనే పెద్ద ప్రశ్న-జవాబుల సైట్ పేరుకి వాళ్ల పాత గ్రాంథిక భాషలో "తెలుసా?" అని అర్థం, సొంత భాష పేరుతో అంత పెద్దదైంది. కాకపోతే మన పేరుని జనం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు, చిక్కంతా అక్కడే. ఇది చూడండి:

"అన్నా, సైట్ పేరు మళ్లీ చెప్పవా?"
"సందేహం రా. సందేహం డాట్ ఇన్."
"ఎస్, ఏ, ఎన్, డి... డి తర్వాత హెచ్ ఉందా?"
"లేదు, ఉట్టి డి."
"తర్వాత ఒక ఈయేనా, రెండా?"
"ఒకటే. ఆగు, లింక్ పంపిస్తాలే."

"లింక్ పంపిస్తాలే" అన్న మాట మీ నోట్లోంచి వచ్చిందంటే ఆ పేరు ఫెయిల్. మీటప్‌లో స్టేజ్ మీద నిలబడి చెప్పేటప్పుడు, కాలేజీలో క్లాస్‌రూమ్‌లో చెప్పేటప్పుడు, యూట్యూబ్ వీడియోలో చెప్పేటప్పుడు లింక్ పంపించే వీలుండదు.

మన అక్షరాల్లో ఏవి ఇబ్బంది పెడతాయో మనుషుల పేర్లు చూస్తే తెలిసిపోతుంది. ఒకే క్లాసులో ఇద్దరు స్వాతులుంటే ఒకామె టి తర్వాత హెచ్ పెడుతుంది, ఇంకొకామె పెట్టదు. దీప్తి, లత, సరిత అందరిదీ అదే కథ. త, ద ఉన్న పేరు అంటే హెచ్ ఉందా లేదా అన్న అనుమానం ఖాయం. దీర్ఘాలు ఇంకో గొడవ, ఆ-కి ఒక ఏనా రెండా, ఊ-కి రెండు ఓలా ఒక యూనా. వ వస్తే వీ రాయాలా డబుల్యూ రాయాలా, శ, ష వస్తే ఎస్ ఒక్కటేనా. ఒత్తులు మరీ ఘోరం. స్వేచ్ఛ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థ పేరు తెలుగులో ఎంత బాగుంటుందో, ఇంగ్లిష్‌లో ఎలా రాయాలో తెలియక మొదటిసారి వెతికేవాళ్లు అంత తడబడతారు. వాళ్లు ఒత్తుల జోలికి పోకుండా ఒకే సీహెచ్‌తో సరిపెట్టుకున్నారు, తెలివైన పని. కూడలి, లేఖిని, జల్లెడ, హారం లాంటివి తెలుగు బ్లాగుల రోజుల్లో బాగా నిలబడిన పేర్లు. ఒకటి రెండు చోట్ల స్పెల్లింగ్ అనుమానం వచ్చినా చిన్నవి, రోజూ వాడే మాటలు, పైగా జల్లెడ అనగానే అది ఏదో ఏరి ఇస్తుందని తెలిసిపోతుంది.

కాబట్టి క, గ, ట, డ, ప, బ, మ, న, ర, ఇలాంటి అక్షరాలతో, హ్రస్వాలతో ఉండే మాటలు వెతకండి. కిటుకు. మడి. గడప. అడుగు. వీటిని ఎవరికి చెప్పినా ఒకే రకంగా రాస్తారు. ఊహించుకుని తేల్చేయకండి, పరీక్ష చేయండి: పేరుని వాయిస్ మెసేజ్‌గా ఒక ఏడెనిమిది మందికి పంపి ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి పంపమనండి. అందరూ మీ స్నేహితులే కాకుండా చూసుకోండి. ఒకరు శ్రీకాకుళం, ఒకరు ఆదిలాబాద్, ఒకరు చెన్నైలో పెరిగిన తెలుగువాళ్లు, ఒకరు డాలస్‌లో పుట్టిన పిల్ల ఉంటే ఇంకా మంచిది. రెండు రకాల కంటే ఎక్కువ స్పెల్లింగులు వచ్చాయంటే ఆ పేరు పక్కన పెట్టేయండి. రెండే వస్తే రెండు డొమైన్లూ కొని ఒకదాన్ని ఇంకోదానికి మళ్లించుకోవచ్చు.

కావాలని దీనికి ఉల్టా చేసినవాళ్లూ ఉన్నారు. 1997లో రాబ్ మాల్డా తన సైట్‌కి స్లాష్‌డాట్ అని పేరు పెట్టింది అడ్రస్ పైకి చదివేవాళ్లు తికమకపడాలనే. హెచ్‌టీటీపీ కోలన్ స్లాష్ స్లాష్ స్లాష్‌డాట్ డాట్ ఆర్గ్, చదివి చూడండి. ఆయనకి చెల్లింది. అప్పట్లో ఇంటర్నెట్‌లో ఉన్నవాళ్లు తక్కువ, ఉన్నవాళ్లకి ఆ జోక్ అర్థమైంది. మీరు మాత్రం చేయకండి.

పక్కపక్కన రాస్తే ఏమవుతుంది

డొమైన్‌లో ఖాళీ ఉండదు, పెద్దక్షరాలు చిన్నక్షరాల తేడా ఉండదు. ఎక్స్‌పర్ట్స్ ఎక్స్‌ఛేంజ్ అని 1996 నుంచీ ఉన్న టెక్నికల్ ప్రశ్న-జవాబుల సైట్ ఒకటి. ఆ రెండు మాటలూ కలిపి అడ్రస్‌గా రాసేసరికి మొదటి మాట చివరి ఎస్ రెండో మాటలోకి జారిపోయి, లింగమార్పిడి చేసే నిపుణుడు అని చదవొచ్చేలా తయారైంది. నిక్షేపంలాంటి పేరు నవ్వులపాలైంది, తర్వాత మధ్యలో హైఫన్ పెట్టుకున్నారు, అయినా ఆ జోక్ మాత్రం ఇప్పటికీ చెప్పుకుంటున్నారు.

మనకి ఇది ఇంకాస్త పక్కనుంచి వస్తుంది, ఎందుకంటే చుట్టూ హిందీ, తమిళం, కన్నడం తెలిసినవాళ్లుంటారు. 'అడగండి' అన్నది ఎంత మర్యాదైన పేరు! ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి మీ ఆఫీసులో హిందీ కొలీగ్‌కి చూపించండి, చివరి అయిదు అక్షరాలు చూసి "గందీ? ఎందుకు మురికి?" అంటాడు. 'జవాబు' బాగుంది అనుకుంటే మొదటి నాలుగు అక్షరాలు జావా, చూసిన ప్రతివాడూ అది జావా ప్రశ్నల సైటే అనుకుంటాడు. మీది నిజంగానే జావా సైట్ అయితే ఇంతకంటే మంచి పేరు దొరకదు, కాదు పైథాన్ కూడా అంటే ఇబ్బందే. అండీలు, గారులు లేకుండా ఉట్టి 'అడుగు' అంటే సరిపోతుంది. ప్రశ్న అడుగు అనీ, ముందుకి ఒక అడుగు అనీ రెండు రకాలుగా అర్థమవుతుంది. పెద్దవాళ్లని నువ్వు అన్నట్టుందని ఎవరో ఒకరు తప్పకుండా అభ్యంతరం చెబుతారు; మర్యాద జవాబుల్లో చూపిస్తే చాలు, బోర్డు మీద అక్కర్లేదు. అది ఇంకా ఖాళీగా దొరుకుతుందో లేదో మీరే చూసుకోండి.

ఆ పేరుతో ఇప్పటికే ఎవరున్నారు?

మన దగ్గర మంచి తెలుగు మాటల్ని ప్రభుత్వాలే వాడేసుకున్నాయి. మీసేవ, స్పందన, ప్రజావాణి, ధరణి, రచ్చబండ. సరదాకి అనుకోండి, 2019లో మీరు ధరణి అని ఒక టెక్ సైట్ పెట్టారు. 2020లో తెలంగాణ భూముల పోర్టల్ అదే పేరుతో వచ్చింది. అప్పట్నించి మీకొచ్చేవాళ్లలో సగం మంది పట్టాదారు పాస్‌బుక్ ఎప్పుడొస్తుందని అడిగేవాళ్లే. రచ్చబండ అని తెలుగు వికీపీడియాలో చర్చల పేజీకి పేరు, వాళ్లకది అద్దినట్టు సరిపోయింది, లోపలి పేజీ కాబట్టి ఏ గొడవా లేదు. బయట అదే పేరుతో సైట్ పెడితే ప్రభుత్వ కార్యక్రమాల వార్తల కింద కప్పబడిపోతారు.

వెతికి చూడటం అంటే పేరుని తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి, పక్కన మీ సబ్జెక్టు పెట్టి ఒకసారి కొట్టడం. ఇన్‌కాగ్నిటోలో చూడండి, లేకపోతే మీ అలవాట్లని బట్టి ఫలితాలు మారిపోతాయి. యూట్యూబ్‌లో విడిగా చూడండి, తెలుగువాళ్లు ఏది వెతికినా ముందు అక్కడే వెతుకుతారు. 'చిట్కా' అని కొడితే జుట్టు రాలకుండా ఏం రాసుకోవాలో, దగ్గుకి ఏ కషాయం తాగాలో వస్తుంది, మీ లైనక్స్ చిట్కాలు ఆ ఉసిరికాయల మధ్య ఎవరికీ కనబడవు. 'ప్రశ్న' అంటే జ్యోతిష్యం వాళ్లు ఎప్పుడో కర్చీఫ్ వేసేశారు. 'డౌట్' అన్నది నాకు చాలా ఇష్టమైన మాట, మన క్లాసుల్లో "సార్, డౌట్" అనే కదా చెయ్యెత్తేది, స్పెల్లింగ్ కూడా అందరికీ వచ్చు. కానీ డౌట్‌నట్ అని పిల్లల చదువుల యాప్ ఇప్పటికే ఉంది, పైగా అమెరికాలో పెరిగినవాళ్లకి ఆ మాట వింటే నమ్మకం లేదు అన్నట్టు వినబడుతుంది. అయినా సరే అనుకుంటే పక్కన ఇంకో మాట జోడించి వాడుకోండి.

పేరులో ఒక టెక్నాలజీనో ఊరునో ఇరికించేటప్పుడు కాస్త ఆగండి. ఫ్లాష్ పేరుతో పెట్టుకున్న గ్రూపులు 2020 డిసెంబర్ 31న అడోబీ దానికి సపోర్ట్ ఆపేశాక ఏం చేయాలి? ఏపీ అన్న రెండక్షరాలు పేరులో ఉన్న గ్రూపుల్లో 2014 జూన్ 2 తర్వాత సగం మంది సభ్యులు ఇంకో రాష్ట్రం వాళ్లైపోయారు. తెలుగు అన్న మాట ఉంటే పర్లేదు, అది ఎక్కడికీ పోదు. ఓవర్‌ఫ్లో అన్న తోక మాత్రం వద్దు. చైనాలో 2012లో వచ్చిన సెగ్మెంట్‌ఫాల్ట్ వాళ్లు కూడా ఎర్రర్ పేరే పెట్టుకున్నారు, కానీ తమదైన ఎర్రర్ ఎంచుకున్నారు, ఓవర్‌ఫ్లో తోక పట్టుకోలేదు.

ఇక ట్రేడ్‌మార్క్. పైథాన్, ఉబుంటు, లైనక్స్, వర్డ్‌ప్రెస్, జావా, ఇవన్నీ ఒకరి పేరున రిజిస్టరైన మాటలు. వర్డ్‌ప్రెస్ వాళ్లు డొమైన్ పేరులో ఆ మాట పూర్తిగా వాడొద్దని రూల్స్‌లో స్పష్టంగా రాశారు. ఆస్క్ ఉబుంటు ఆ పేరు వాడుతున్నది కానానికల్ కంపెనీ లైసెన్స్ ఇచ్చింది కాబట్టి. ఇండియాలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, సాఫ్ట్‌వేర్ సేవలకి 42వ క్లాస్, చదువుకి 41వ క్లాస్ చూడండి, స్పెల్లింగ్ వేరైనా పలికితే ఒకేలా ఉండేవి కూడా చూడండి. మీరే రిజిస్టర్ చేసుకోవాలంటే వ్యక్తులకి, స్టార్టప్‌లకి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాస్‌కి 4,500 రూపాయలు ఫీజు, కానీ సైట్ నిలబడ్డాక ఆలోచించుకోవచ్చు, మొదటి నెలలోనే తొందరేం లేదు.

డొమైన్, హ్యాండిల్స్

ఇది త్వరగా తేలిపోయే పనే. డొమైన్‌లో హైఫన్ పెట్టొచ్చు, అండర్‌స్కోర్ పెట్టకూడదు. ఎక్స్‌లో (పాత ట్విట్టర్) అండర్‌స్కోర్ పెట్టొచ్చు, హైఫన్ కుదరదు. గిట్‌హబ్‌లో మళ్లీ హైఫనే. అంటే అన్నిచోట్లా ఒకే పేరు కావాలంటే రెండూ లేని పేరే కావాలి. ఎక్స్‌లో హ్యాండిల్, అంటే అకౌంట్ పేరు, 15 అక్షరాలు దాటకూడదు, టెలిగ్రామ్‌లో కనీసం 5 ఉండాలి. 5కి 15కి మధ్యలో, ఉట్టి అక్షరాలతో ఉండేది చూసుకుంటే అన్నీ ఒకేసారి దొరుకుతాయి.

డాట్ కామ్ దొరికితే డాట్ కామ్, లేకపోతే డాట్ ఇన్, మన జనానికి ఈ రెండూ నోట్లో తిరుగుతాయి. డాట్ ఐఓ అన్నది బ్రిటిష్ ఇండియన్ ఓషన్ టెరిటరీ కోడ్, డాట్ ఏఐ అంగ్విలా అనే చిన్న ద్వీపానిది, దాన్ని కనీసం రెండేళ్లకి కొనాలి, ఖరీదు కూడా ఎక్కువే. చందాలతో నడిచే గ్రూప్‌కి అవసరమా? తెలుగు లిపిలోనే డాట్ భారత్ డొమైన్లు ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, కానీ కాపీ చేసి ఎక్కడైనా పేస్ట్ చేస్తే చాలాసార్లు అర్థం కాని ఇంగ్లిష్ అక్షరాల వరసగా మారిపోతుంది. రెండో అడ్రస్‌గా పెట్టుకోండి, అసలు అడ్రస్‌గా వద్దు. కొనేటప్పుడు మొదటి ఏడాది రేటు చూసి మురిసిపోకుండా రెన్యువల్ రేటు ఎంతో చూడండి, అది పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది.

చమత్కారం కావాలన్నవాళ్లకి ఒక దారుంది. స్టాక్ ఓవర్‌ఫ్లో వాళ్లే నడిపే ప్రశ్న-జవాబుల సైట్ల గుంపు స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో గణాంకాల సైట్ పేరు క్రాస్ వాలిడేటెడ్, వంట సైట్ పేరు సీజన్డ్ అడ్వైస్, ఆటల సైట్ పేరు ఆర్కేడ్, దాన్ని సీ బదులు క్యూతో రాసి మధ్యలో క్యూ, ఏ పక్కపక్కన వచ్చేలా చేశారు. ఆపిల్ సైట్‌కి ఆపిల్ నినాదాన్నే మెలిపెట్టి ఆస్క్ డిఫరెంట్ అన్నారు. కానీ అడ్రస్‌లు చూడండి: స్టాట్స్, కుకింగ్, గేమింగ్, ఆపిల్, అంతే, వాటి పక్కన స్టాక్ ఎక్స్‌ఛేంజ్ డాట్ కామ్. మొదట్లో ఒక్కో సైట్‌కి సొంత డొమైన్ కోసం సభ్యులు తెగ బుర్రలు బద్దలు కొట్టుకునేవాళ్లు, 2010లో ఆ పద్ధతి వద్దనుకుని ఇలా తేలిక చేసేశారు. ఇంట్లో బుజ్జి, రేషన్ కార్డులో వెంకట సుబ్బారావు అన్నట్టు. మీరూ అంతే చేయొచ్చు: అడ్రస్ సాదాగా ఉంచండి, లోగో పక్కన ఎంత చమత్కారం కావాలంటే అంత.

ఓటింగ్ ఎలా పెట్టాలి

"అందరూ పేర్లు చెప్పండి, ఎక్కువ ఓట్లొచ్చింది పెడదాం" అని మాత్రం అనకండి. 2016లో బ్రిటన్‌లో ఒక పరిశోధక నౌకకి ఇలాగే జనాన్ని అడిగితే బోటీ మెక్‌బోట్‌ఫేస్ అనే జోక్ పేరు గెలిచింది, చివరికి నౌకకి సర్ డేవిడ్ అటెన్‌బరో పేరు పెట్టి, ఆ జోక్ పేరుని నౌక మీదుండే చిన్న జలాంతర్గామికి ఇచ్చి సర్దుబాటు చేశారు. జనం ఓటు తోసేశారన్న మాట మాత్రం పడాల్సి వచ్చింది.

పేర్లు అందరి దగ్గరా తీసుకోండి, ఒక వారం గడువు పెట్టండి, అక్కడితో ఆపండి. తర్వాత ఇద్దరో ముగ్గురో కూర్చుని పైన చెప్పిన పరీక్షలన్నీ పెట్టి, డొమైన్ దొరికే నాలుగైదు మాత్రమే మిగల్చండి. తీసేసిన ప్రతి పేరు పక్కన ఎందుకు తీసేశారో ఒక ముక్క రాసి షీట్ గ్రూప్‌లో పెట్టండి, లేకపోతే "నా పేరు కావాలనే తీసేశారు" అన్న మాట వస్తుంది. ఓటు కూడా ఒక్కదానికే కాకుండా, "వీటిలో నీకు పర్లేదు అనిపించేవన్నీ టిక్ పెట్టు" అని అడగండి. పదిమందికి విపరీతంగా నచ్చి పదిహేనుమందికి ఒళ్లు మండే పేరు కంటే పాతికమందీ సరేలే అనుకునే పేరు నయం. ఇంకో ప్రశ్న కూడా కలపండి: "ఈ పేరు నీ రెజ్యూమెలో రాసుకుంటావా?" మీ దగ్గర మంచి జవాబులు రాసినవాళ్లు రేపు ఉద్యోగానికి వెళ్లి ఆ ప్రొఫైల్ లింక్ చూపించాలి కదా. బ్రహ్మానందం మీమ్ మీద పెట్టిన పేరు గ్రూప్‌లో అందరినీ నవ్విస్తుంది, ఇంటర్వ్యూలో మాత్రం వివరణ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

ఓటింగ్ లింక్ బయటికి వదిలేముందే ఆ నాలుగైదు డొమైన్లూ కొనేయడం మంచిది. మొత్తం కలిపి కొన్ని వేలు, మిగిలినవాటిని ఏడాది తర్వాత వదిలేయొచ్చు. అంత డబ్బు లేదంటే ఓటింగ్ లోపలి గ్రూప్‌లోనే, ఒక్క రోజులో ముగించండి.

పేరు ఖాయమయ్యాక

డొమైన్ ఎవరి అకౌంట్‌లో ఉంది అన్నది ఇప్పుడే తేల్చుకోండి. ఒక్కడి సొంత మెయిల్‌తో కొంటే అతను ఉద్యోగం మారి, దేశం మారి, గ్రూప్‌లో ఎవరితోనో చెడి వెళ్లిపోయిన రోజున సైట్ కూడా అతనితోనే పోతుంది. గ్రూప్ పేరున ఒక మెయిల్ ఐడీ తెరిచి, దాని పాస్‌వర్డ్, రెండో స్టెప్ కోడ్‌లు కనీసం ఇద్దరి దగ్గర ఉండేలా చూసి, ఆ ఐడీతో కొనండి.

పేరు కింద ఒక్క లైన్ రాయండి, ఇక్కడ ఏం అడగొచ్చో చెప్పే లైన్. "తెలుగులో ప్రోగ్రామింగ్ ప్రశ్నలు, జవాబులు. కోర్సుల సలహాలకి టెలిగ్రామ్ గ్రూప్‌కి రండి." ఇలా సాదాగా ఉంటే చాలు. పేరు ఎంత మంచిదైనా అన్నీ చెప్పలేదు, ఈ లైన్ ఆ మిగతా పని చేస్తుంది.

మొదటి మూడు నెలల్లో పేరు కుదరలేదనిపిస్తే మార్చేయండి, మొహమాటపడకండి, అప్పటికి ఉండేవి వందా రెండొందల లింకులే. రెండేళ్ల తర్వాత మార్చడం వేరే సంగతి. ట్విట్టర్ 2023లో ఎక్స్ అయింది, మనం ఇంకా ట్విట్టర్ అనే అంటున్నాం. మార్చాల్సే వస్తే పాత అడ్రస్‌లో ఉన్న ప్రతి ప్రశ్న లింకూ కొత్త అడ్రస్‌లో అదే ప్రశ్నకి వెళ్లేలా 301 రీడైరెక్ట్ పెట్టండి. అన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించేసి చేతులు దులుపుకుంటే గూగుల్ నుంచి వచ్చినవాడు తన జవాబు కనబడక వెనక్కి వెళ్లిపోతాడు. పాత డొమైన్‌కి కూడా ఏటా డబ్బు కడుతూనే ఉండండి, వదిలేస్తే ఎవరో ఒకరు కొని రమ్మీ యాడ్స్ పెడతారు, మీ పాత లింకులన్నీ అక్కడికే పోతాయి.

ఇంకొకటి, రెన్యువల్ మర్చిపోతే. డాట్ కామ్ అయితే గడువు దాటాక రిజిస్ట్రార్‌ని (మీకు డొమైన్ అమ్మిన కంపెనీని) బట్టి 45 రోజుల వరకు మామూలు రేటుకి కట్టుకునే వీలుండొచ్చు, అది దాటితే ఇంకో 30 రోజులు అదనపు ఫీజు మీద వెనక్కి తీసుకోవచ్చు, ఆ తర్వాత అయిదు రోజులకి ఎవరైనా కొనుక్కోవచ్చు. ఆటో రెన్యువల్ ఆన్ చేస్తే సరిపోతుంది అనుకుంటారు, దానికి జోడించిన కార్డు ఎక్స్‌పైర్ అయితే ఆటో రెన్యువల్ పనిచేయదు. కార్డు గడువు తేదీ, డొమైన్ గడువు తేదీ, రెండూ ఇద్దరి క్యాలెండర్లలో నెల ముందే మోగేలా పెట్టుకోండి.